కస్టర్ జనరలా, లెఫ్టినెంట్ కల్నలా?

అమెరికా సైన్యాధికారి జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్ 1863లోనే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు కదా, 1876లో లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర యుద్ధంలో చనిపోయేనాటికి అంతకన్నా కింది హోదా అయిన లెఫ్టినెంట్ కల్నల్ ఎలా అయ్యాడు, శిక్షగా హోదా తగ్గించారా అని మీరు అడిగారు.

తగ్గించలేదు. అప్పటి అమెరికా సైన్యంలో ఒకే అధికారికి ఒకేసారి మూడు హోదాలు ఉండొచ్చు. ఆ కాలపు ఏ అధికారి సర్వీసు చూసినా నేను ముందు కాగితం మీద మూడు గడులు గీసుకుంటాను: రెగ్యులర్, వాలంటీర్, బ్రెవెట్. తేదీ కనపడగానే ఏ గడిదో తేల్చుకోకుండా రాయను.

రెగ్యులర్ అంటే శాశ్వత ఉద్యోగం. ఈ గడిలో కస్టర్ 1861 జూన్‌లో సెకండ్ లెఫ్టినెంట్, 1862 జూలైలో ఫస్ట్ లెఫ్టినెంట్, 1864 మేలో కెప్టెన్, 1866 జూలై 28న 7వ కావల్రీకి (అశ్విక రెజిమెంట్) లెఫ్టినెంట్ కల్నల్. ఒక్క మెట్టు కూడా దిగలేదు, పైగా మేజర్ మెట్టు దాటేశాడు. 1866 చట్టం ఆరు అశ్విక రెజిమెంట్లను పది చేయడంతో ఇలాంటి పదవుల్లో కొత్త ఖాళీలు వచ్చాయి.

వాలంటీర్ హోదా అమెరికా అంతర్యుద్ధం (1861-65) కోసం సమీకరించిన దళాలది. అధికారం, జీతం నిజమైనవే, కానీ దళాలు రద్దయితే హోదా కూడా పోతుంది. 1863 జూన్ 29న 23 ఏళ్ల కస్టర్ మిషిగన్ బ్రిగేడ్‌కు బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. ఆరోజుకి రెగ్యులర్ గడిలో అతను ఇంకా ఫస్ట్ లెఫ్టినెంటే! 1865 ఏప్రిల్‌లో మేజర్ జనరల్ అయ్యాడు, 1866 ఫిబ్రవరిలో ఆ హోదా ముగిసి మళ్లీ కెప్టెన్‌గా మిగిలాడు. మీకు 'తగ్గింపు'లా కనిపించింది ఇదే.

ఎక్కువమంది పొరబడేది బ్రెవెట్ దగ్గర. ఇది యుద్ధంలో చూపిన ప్రతిభకిచ్చే గౌరవ హోదా. దానివల్ల మామూలుగా జీతం పెరగదు. ఇది రెగ్యులర్‌లోనూ ఉంది, వాలంటీర్‌లోనూ ఉంది కాబట్టి ఈ గడిని మళ్లీ రెండుగా చీల్చాలి. 1864 అక్టోబర్‌లో కస్టర్ మేజర్ జనరల్ అయ్యాడని రాసేవాళ్లు చూసింది వాలంటీర్ బ్రెవెట్‌ని. తేదీలను కూడా గుడ్డిగా నమ్మొద్దు. అంతర్యుద్ధంలోని ఫైవ్ ఫోర్క్స్ పోరాటం 1865 ఏప్రిల్ 1న జరిగితే, దానికిచ్చిన రెగ్యులర్ బ్రెవెట్ మీద మార్చి 13 అని ఉంటుంది. ఎంతోమంది అధికారులకు ఆ ఒక్క తేదీనే వెనక్కి వేసి ఇచ్చారు. బ్రెవెట్ హోదాతో అధికారిక ఉత్తరాల్లో సంబోధించడాన్ని 1870 చట్టం ఆపేసింది. ఆ తర్వాత కూడా 'జనరల్ కస్టర్' అన్నారంటే అది మర్యాద కొద్దీ అన్నదే.

1867 కోర్టు మార్షల్ (సైనిక విచారణ) వల్ల తగ్గాడన్నది కూడా నిజం కాదు. ఆ శిక్ష ఏడాదిపాటు హోదా, జీతం నిలుపుదల మాత్రమే. పై అధికారి జనరల్ షెరిడన్ పట్టుబట్టి గడువుకు ముందే వెనక్కి పిలిపించాడు. 1868 నవంబర్ 27న వాషిటా నది ఒడ్డున అమెరికా ఆదివాసులైన షయెన్ తెగ నాయకుడు బ్లాక్ కెటిల్ గ్రామంపై దాడి చేసి, ఆడవాళ్లూ పిల్లలూ కూడా చనిపోయిన ఆ ఉదయం దళాన్ని నడిపింది లెఫ్టినెంట్ కల్నల్ కస్టరే.

మరి పదేళ్లు అక్కడే ఎందుకు ఆగాడు? రెజిమెంటుకు కల్నల్ ఒక్కడే, ఆ పదవి సీనియారిటీ మీద వస్తుంది. 7వ కావల్రీ కల్నల్ స్టర్జిస్ 1876లో వేరే విధుల్లో ఉన్నాడు కాబట్టి యుద్ధరంగంలో రెజిమెంట్ కస్టర్ చేతిలో ఉంది, పదవి మాత్రం స్టర్జిస్‌దే. కస్టర్‌తోపాటు అదే 1863 జూన్ 29న బ్రిగేడియర్ అయిన వెస్లీ మెరిట్‌ని పక్కన పెట్టి చూడండి: అతనూ 1866లో 9వ కావల్రీలో లెఫ్టినెంట్ కల్నలే, కల్నల్ అయింది 1876 జూలైలో.