ఉచితంగా గీసిచ్చిన ప్లానుకు పూచీ ఎవరిది?

తెనాలి నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం: "నేను సిమెంటు, ఇనుము దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి బి.ఆర్క్. నాలుగో సంవత్సరం చదువుతోంది. తనూ, కొందరు సీనియర్లూ ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి పాడేరు ఏజెన్సీలోని ఒక గూడెంలో బడికి రెండు గదులు, మరుగుదొడ్లు కట్టించే పనిలో దిగారు. ప్లానులు ఉచితంగా గీస్తున్నారు. ఖర్చులో విద్యార్థుల వాటాగా రూ.4 లక్షలు చందాలు పోగుచేయాలట. ఆ డబ్బు ప్రస్తుతానికి మా అమ్మాయి ఫోన్‌పే నంబరుకే వస్తోంది. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది కూడా పంపుతానన్నాడు. అచ్చు వేయించిన కరపత్రంలో 'యువ ఆర్కిటెక్టులు' అని తన పేరు కూడా ఉంది. చదువయ్యాక కూడా ఇదే పని చేస్తానంటోంది. ఇందులో బతుకుతెరువు ఉందా? సాగనివ్వమంటారా, ఆపమంటారా?"

అయ్యా, నమస్కారం. ఆపవద్దు. అయితే మీరు అడిగింది బతుకుతెరువు గురించే అయినా, ఉత్తరం మధ్యలో మామూలుగా రాసేసిన ఫోన్‌పే వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ అమ్మాయి ఈ రంగంలో నిలదొక్కుకుంటుందా లేదా అన్నది ఆమె గీసే బొమ్మల కంటే, ఆ డబ్బునూ ఆ ప్లానునూ ఆమె ఎంత పూచీతో చూస్తుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే ఉద్యోగం సంగతి కొంచెం ఆగి మాట్లాడతాను.

చదువుకునే రోజుల్లోనే చందాలు పోగుచేసి బడి కట్టించి, ఆ పనితోనే ప్రపంచమంతా తెలిసిన వ్యక్తి ఒకరున్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో గాండో అనే పల్లెలో పుట్టిన ఫ్రాన్సిస్ కెరె, ఊళ్లో బడి లేక ఏడేళ్ల వయసులోనే ఇల్లు వదిలి వేరే ఊరికి చదువుకోవడానికి వెళ్లారు. వడ్రంగం నేర్చి, 1985లో స్కాలర్‌షిప్పు మీద జర్మనీ చేరి, తరువాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువులో చేరారు. ఇంకా విద్యార్థిగా ఉన్న 1998లో, తన ఊరి బడి కోసం ఒక సంఘాన్ని చట్టబద్ధంగా నమోదు చేయించి, తోటి విద్యార్థులను కాఫీలు, సిగరెట్ల ఖర్చు కాస్త తగ్గించుకుని ఆ మిగులు ఇమ్మని అడిగారు. బడి 2001లో పూర్తయింది. ఆయన డిగ్రీ పట్టా చేతికి వచ్చింది 2004లో. అదే ఏడు ఆ బడికి, మంచి కట్టడాలకిచ్చే ఆగాఖాన్ అవార్డు దక్కింది. 2022లో ఈ వృత్తిలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి కూడా ఆయనకే వచ్చింది. ఈ కథను మీ అమ్మాయి ఇప్పటికే మీకు చెప్పి ఉంటుంది, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఇది కంఠతా వచ్చు. వాళ్లు అంతగా పట్టించుకోని భాగం మాత్రం ఆ సంఘం నమోదు. చందా అడగడానికి ముందే ఆయన ఆ చందాకు ఒక ఇల్లు ఏర్పాటు చేశారు.

ఇక ఆ కట్టడం. మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి అచ్చు పోసిన ఇటుకలతో గోడలు కట్టారు. గదికి ఇటుకలతోనే ఒక లోకప్పు, అంటే సీలింగు, వేసి, దానికి పైన కొంత ఎత్తులో, మామూలు ఇనుప ఊచలను అతికించి చేసిన చట్రం మీద రేకులు పరిచారు. రెండు కప్పుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి రేకు వేడి గదిలోకి దిగదు. మట్టితో కట్టిన బడి వానకు నిలుస్తుందా అని మొదట అనుమానపడిన ఊరివాళ్లే తరువాత పనివాళ్లయ్యారు, గది నేలను ఆడవాళ్లు గంటల తరబడి చదును చేసి రాళ్లతో నునుపు పట్టించారు.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. కొన్నేళ్ల క్రితం ఒక కొండ పల్లెలో, పట్నం నుంచి వచ్చిన స్వచ్ఛంద బృందం కట్టి వెళ్లిన తరగతి గదిలో కూర్చునే అవకాశం నాకు కలిగింది. గోడలకు రంగురంగుల బొమ్మలున్నాయి, ప్రారంభోత్సవం నాటి ఫొటో కూడా ఉంది. రేకుల కింద లోకప్పు లేదు. మధ్యాహ్నం వాన మొదలవగానే రేకుల మోతకు మాస్టారు పాఠం ఆపి, చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. పిల్లలు కూడా అలవాటైనట్టే పుస్తకాలు మూసేశారు. కొండల్లో నెలల తరబడి వానలు పడతాయి. ఆ గది ఎన్ని పాఠాలు మింగిందో ప్లాను గీసినవాళ్లకు తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే వాళ్లు మళ్లీ రాలేదు. వెనక మరుగుదొడ్డి తొట్టిలో ఇరవై రూపాయల వాషరు పోయి తలుపుకు తాళం పడింది.

కాబట్టి మీ అమ్మాయిని అడగవలసిన మొదటి ప్రశ్న "నీకు జీతం ఎంత" అన్నది కాదు, "కట్టిన రెండో వానాకాలానికి అక్కడికి ఎవరు వెళతారు" అన్నది. సంస్థకు ఆ గూడెంలో ఏళ్ల తరబడి పని ఉంటే, అక్కడే నివాసముండే కార్యకర్త ఒకరైనా ఉంటే, నాకు భయం లేదు. వేసవి సెలవులకు వచ్చి పోయే వ్యవహారమే అయితే అనుమానించవలసిందే. విద్యార్థుల దగ్గరే రుసుము పుచ్చుకుని పది రోజులు ఇటుకలు మోయించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాట్లు కూడా ఈ మధ్య కనిపిస్తున్నాయి. వాటిని నేను సేవ లెక్కలోనూ వేయను, శిక్షణ లెక్కలోనూ వేయను.

కరపత్రంలోని మాట వెంటనే మార్చాలి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారు మాత్రమే ఆర్కిటెక్టు అన్న పేరు వాడుకోవాలి. చందా కరపత్రమైనా, ఉచిత సేవ అయినా దీనికి మినహాయింపు లేదు. 'బి.ఆర్క్. విద్యార్థులు' అని వేస్తే గౌరవం తగ్గదు. దానికన్నా ముఖ్యమైన విషయం, ఆ ప్లాను మీద నమోదైన ఆర్కిటెక్టు ఒకరు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరు సంతకం పెట్టారా అన్నది. ఫీజు తీసుకోలేదు కాబట్టి పూచీ లేదనుకోవడం ఈ రంగంలో తరచుగా కనిపించే పొరపాటు. శ్లాబు పిల్లల మీద కూలితే అది ఉచితంగా గీసిన శ్లాబా, డబ్బు తీసుకుని గీసిన శ్లాబా అని ఎవరూ అడగరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎగిరిపోయిన రేకుల కప్పులను మీరూ టీవీలో చూసే ఉంటారు. రేకును పట్టి ఉంచే జె-బోల్టు ఎంత దూరానికి ఒకటి పడాలో లెక్క కట్టే మనిషి ఆ బృందంలో ఉండాలి.

ఏజెన్సీలో మరో మెలిక ఉంది. అక్కడ 1/70 చట్టం అమలులో ఉంది కాబట్టి గిరిజనేతరులు గాని, వాళ్లు నడిపే సంస్థ గాని భూమి కొని కట్టేస్తామంటే కుదరదు. బడి స్థలం ఎవరి పేరున ఉంది, పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నుంచి, విద్యాశాఖ నుంచి రాతపూర్వకమైన అనుమతి వచ్చిందా, కట్టిన తరువాత గదులను ఎవరు స్వాధీనం చేసుకుంటారు అన్న కాగితాలు చూడకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనివ్వకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. చందాలు సంస్థ బ్యాంకు ఖాతాకే నేరుగా వెళ్లాలి. మీ అమ్మాయి ఖాతాలో జమయిన సొమ్ము ఎంత నిజాయితీగా ఖర్చయినా, రేపు ఎవరైనా లెక్క అడిగితే ఆమె దగ్గర ఫోన్ స్క్రీన్‌షాట్లు తప్ప మరేమీ ఉండదు. ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు రశీదు, అంటే అందరూ 80జి అని పిలిచేది, అనుమతి పొందిన సంస్థే ఇవ్వగలదు, రూ.2,000 దాటి నగదుగా ఇచ్చిన చందాకు ఆ మినహాయింపు వర్తించదు. మీరు మీ దుకాణం నుంచి సిమెంటు బస్తాలు పంపాలనుకుంటున్నారేమో, వస్తురూపంలో ఇచ్చినదానికి కూడా అది రాదు. అయినా పంపండి, బిల్లు రాసి సంస్థ లెక్కల్లో చూపించమనండి. మీ బావమరిది విషయంలో ఆయన పాస్‌పోర్టు చూడాలి. ఇంకా భారత పౌరుడే అయితే తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇక్కడి సంస్థకు పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం అవుతుంది. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఇందుకోసం తెరిచిన ఖాతా ద్వారా మాత్రమే తీసుకోవాలి. మేనమామ మేనకోడలి ఖర్చులకు పంపే సొమ్ము వేరు, గూడెం బడి పేరు చెప్పి పోగుచేసే సొమ్ము వేరు.

నేను అతిజాగ్రత్త పడుతున్నానని మీ అమ్మాయి అనవచ్చు. ఆర్కిటెక్చర్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ కథ ఆమెకు గుర్తు చేయండి. 1999లో అమెరికాలో ఇద్దరు వ్యక్తులతో మొదలై, స్వచ్ఛందంగా పనిచేసే ఆర్కిటెక్టులను అనేక దేశాల్లో కూడగట్టి, విపత్తు ప్రాంతాల్లో ఇళ్లూ బడులూ కట్టించి పేరు తెచ్చుకున్న ఆ సంస్థ, 2015 జనవరిలో నిధులు చాలక మూతపడి దివాలా పిటిషన్ వేసింది. ఆలోచనల కొరత, మనుషుల కొరత దానికి ఎప్పుడూ లేదు.

జపాన్ ఆర్కిటెక్టు షిగెరు బాన్ పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. 1995లో కోబె భూకంపం తరువాత, కాలిపోయిన ఒక చర్చి స్థలంలో కాగితపు గొట్టాలతో ప్రార్థనాలయం కట్టిస్తానంటే అక్కడి పాదరీ మొదట ఒప్పుకోలేదు. బాన్ ప్రతి ఆదివారం టోక్యో నుంచి వెళ్లి అక్కడివాళ్లతో కూర్చుని నమ్మకం సంపాదించారు, డబ్బు తానే సేకరించారు, విద్యార్థి వాలంటీర్లతో కట్టించారు. ఇసుక నింపిన బీరు పెట్టెలు పునాదిగా, కాగితపు గొట్టాలు గోడలుగా అక్కడి నిర్వాసితులకు ఆయన కట్టించిన ఇళ్ల పద్ధతినే 2001 భూకంపం తరువాత భుజ్‌కు కూడా తెచ్చారు. అక్కడ బీరు పెట్టెలకు బదులు కూలిన ఇళ్ల శిథిలాలనే పునాదికి వాడారు. మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో గాలివానకు ఒరగకుండా నిలిచే చుట్టిళ్లు కట్టినవాళ్లు ఏ కాలేజీలోనూ చదవలేదన్నది కూడా మీ అమ్మాయి ఆ గూడెం మేస్త్రీలతో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకుంటే మంచిది.

బతుకుతెరువు ఉంది, కాని సేవగా చేసేదాన్ని, జీతానికి చేసేదాన్ని కలిపి చూడకూడదు. షిగెరు బాన్‌కు విపత్తు పనులతో పాటు డబ్బు చెల్లించే క్లయింట్ల పనులూ ఎప్పుడూ ఉన్నాయి, ఆ సంపాదనే దీనికి ఆసరా. మన దేశంలో ఈ తరహా పనిని జీతమిచ్చి చేయించే చోట్లు కొన్ని ఉన్నాయి. తక్కువ ఖర్చు కట్టడాలకు పేరుపడిన ఆర్కిటెక్టు లారీ బేకర్ బాటలో 1985 నుంచి కేరళలో నడుస్తున్న కాస్ట్‌ఫోర్డ్, భుజ్ భూకంపం తరువాత స్థానిక మేస్త్రీలను కలుపుకుని పెరిగిన హున్నర్‌శాల, విపత్తుల పునర్నిర్మాణంలో పనిచేసే ఢిల్లీ సంస్థ సీడ్స్ అలాంటివి. మట్టి ఇటుకల పని చేతులతో నేర్చుకోవాలంటే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ చిన్న కోర్సులు నడుపుతుంది. బి.ఆర్క్.లో తప్పనిసరిగా చేయవలసిన ప్రాక్టికల్ ట్రైనింగ్‌ను, కాలేజీ ఒప్పుకుంటే, ఇలాంటి చోట నమోదైన ఆర్కిటెక్టు కింద చేయమనండి; సెమిస్టరు వదులుకుని వెళ్లవద్దు. జీతాలు హైదరాబాదు కార్పొరేట్ ఆఫీసుల కంటే తక్కువే ఉంటాయి, ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, రెడ్‌క్రాస్ సమాఖ్య వంటివి ఆవాస నిపుణులను తీసుకుంటాయి గాని, చేతిలో కొన్నేళ్ల క్షేత్రానుభవం లేకుండా ఆ తలుపు తట్టి లాభం లేదు. ఈ రంగానికే ప్రత్యేకించిన మాస్టర్స్ కోర్సులు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ వంటి చోట్ల ఉన్నాయి. వాటికి అప్పు చేయడం గురించి రెండేళ్లు పనిచేశాకే ఆలోచించండి. ముందు పట్టా, కౌన్సిల్ నమోదు, మామూలు ఆఫీసులో ఒకటి రెండేళ్లు మంజూరు ప్లానులు, సైటు బిల్లులు చూసే అనుభవం ఉండాలి. అవి ఉన్న వాలంటీరుకే గూడెంలో విలువ.

చివరిగా, మీరు చేయగలిగిన పని ఒకటుంది, అది నా చేతిలో లేదు. ఈ ఆదివారం ఆ ప్లాను తెమ్మని మీ అమ్మాయిని దుకాణంలో కూర్చోబెట్టుకోండి. ఎన్ని బస్తాలు, ఎన్ని టన్నుల ఊచలు, ఎన్ని రేకులు అన్నది ఆమె చేతనే రాయించండి. ఆ తరువాత లారీ ఆగే చోటు నుంచి గూడెం దాకా ఇసుకా కంకరా ఎవరు మోస్తారు, ఆ కూలి ఏ పద్దులో ఉంది అని అడగండి. తెనాలి ధరలతో వేసిన ఎస్టిమేటు కొండ ఎక్కేసరికి ఎంతవుతుందో అక్కడే తేలిపోతుంది. లెక్క సంస్థ వాటా, విద్యార్థుల రూ.4 లక్షలు కలిపిన మొత్తాన్ని దాటితే గదుల విస్తీర్ణమైనా తగ్గించాలి, చందా లక్ష్యమైనా పెంచాలి, ఆ నిర్ణయం పునాది తవ్వకముందే జరగాలి. ఫోన్‌పేకు ఇప్పటికే వచ్చిన సొమ్ముకు ఎవరిచ్చారు, ఎంత, ఏ తేదీన అన్న జాబితా రాయించి, సంస్థ అకౌంటెంటుతో మాట్లాడి వారి ఖాతాకు బదిలీ చేయించండి. ఆ పని పూర్తయ్యేదాకా కొత్త చందా అడగవద్దని చెప్పండి.