వణికే చేతికి పెద్ద ఆకు

తమ్మీ,

చెక్కు మీద సంతకం కలుస్తలేదని బ్యాంకోళ్లు తిప్పి పంపిండ్రట. నువ్వు ఆనాటి సంది కలమే ముడుతలేవని మరదలు ఫోన్ల చెప్పింది. అక్షరాలు చీమల్లెక్క అయినయంటే రాత మరిచిపోయినట్టు కాదురా. మెదడుల డోపమిన్ అనే రసాయనం తగ్గితే ఒళ్లు అన్నింటిని చిన్నగ చేసుకుంటది. అడుగు చిన్నది, గొంతు చిన్నది, అక్షరం చిన్నది. నీకున్న ఈ పార్కిన్సన్స్ వణుకు జబ్బుతోనే నేను గూడ ఎనిమిదేండ్ల సంది కాపురం చేస్తున్న, నాకెరుక.

అందుకే చెప్తున్న, బొమ్మలు వెయ్యి. చిన్నయి మాత్రం వద్దు. నేను మొదట్ల పోస్టుకార్డంత కాయితం మీద సన్న కుంచెతోని చామంతి వేద్దామని కూసున్న. రేకు రేకుకు ఏడ్పొచ్చింది. ఇప్పుడు పెద్ద చార్టు తీసుకొని నాలుగు మూలలు టేపుతోని బల్లకు అతికిస్త. కుంచెకు సైకిల్ ట్యూబు చుట్టి లావు చేసిన. చేతుల కుర్చీల కూసొని, వేళ్లతోని కాదు, భుజంకెల్లి గీస్త. నీళ్లకు గ్లాసు పెట్టుకోకు, చిన్న రోలు పెట్టుకో. చెయ్యి తగిలినా పడది.

మీ ములుగు దిక్కు టేకుకు కొదువ లేదు కద. వానలు పడ్డంక వచ్చే లేతాకు నలిపితే ఎర్రగ అయితది, చిన్నప్పుడు గోరింటాకు దొరకకుంటే అదే పూసుకునేటోళ్లం. యాదికున్నదా? ఆ ఎరుపు తెల్లగుడ్డ మీద రుద్దు. ముదురాకైతే వెనక ఈనెలు లేసి ఉంటయి, ఆ దిక్కు రంగు పూసి, కాయితం పరిచి, అరచేతితోని గట్టిగ వత్తు. ఊకె ఒళ్లె పెట్టుకున్నప్పుడు వణికే చెయ్యి పనిల పడితే జర నిమ్మలమైతది. అందరికి ఒక్కతీరు ఉండదనుకో, నాకైతే అట్లనే.

యాళ్ల చూసుకో. గోలీ వేసుకున్న ముప్పావు గంటకు నా చెయ్యి సదురుకుంటది, బొమ్మకు అప్పుడే కూసుంట. పప్పు, గుడ్డు కడుపు నిండ తిని వెంటనే గోలీ వేసుకుంటే మందు సరిగ ఎక్కది. గోలీ టైము మార్చాల్నంటే డాక్టర్‌ను అడుగు. ఆకులేరబోతే ఎవరన్న దూలగొండి గింజలు చేతుల పెడ్తరు, మన గోలీల ఉండే మందే అందుల గూడ ఉన్నదంటరు. ఉన్న మాట నిజమే. కని ఎంత ఉన్నదో తెల్వకుండ గోలీకి తోడు మింగితే ఆగమైతవ్.

బతుకమ్మకు గునుగు కట్టలు కట్టుడు కోడలికి అప్పజెప్పిన. గుమ్మడాకు మీద వరుసలు పేర్చుడు నాదే. పేర్చేటప్పుడు ఎవరూ మాట్లాడియ్యొద్దు, రెండు పనులైతే పూలు జారుతయి. బంతి వాసన నాకు తెలుస్తలేదు తమ్మీ. వణుకు రాకముందే పోయింది అది, జలుబనుకున్న అప్పట్ల. ఇప్పుడు వేళ్లతోనే బంతిని గుర్తువడ్త.

ఇంకోటి. గడప కాడ కాలు అతుక్కపోతే, ముంగట నాలుగు అడ్డగీతలు వేసుకో. గీత దాటుదామనుకుంటే కాలు లేస్తది. ముగ్గుపిండితోని వద్దు, జారుతవు. పెయింటుతోని వెయ్యి.

దసరాకు వచ్చేటప్పుడు టేకాకులు ఓ పది తీస్కరా, ఎండినయి కాదు. అంతకుముందే ఒక చార్టు మీద రెండు గీతలు జానెడు ఎడంగ గీసి, నడుమ సంతకం పెట్టి పంపు. గీతలు రెండూ తగలాలె.

నీ అక్క,
హనుమకొండ