రైలు మోగుతుంటే సెల్లో వాద్యం వినపడదమ్మా

చిరంజీవి హారికకు చిన్నతాతయ్య ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మీ కాలేజీలో ఆఖరి ప్రాజెక్టుకి ఒక వెస్టర్న్ (కౌబాయ్ తరహా) సినిమాకి సంగీతం చేస్తున్నావట. 20 నిమిషాల సినిమా, కథంతా రైల్లోనేనట. 42 మంది ఆర్కెస్ట్రా, మూడు గంటల రికార్డింగ్ సెషన్, కండక్ట్ చేసేదీ నువ్వేనట. ఫోన్ పెట్టేశాక మీ నాయనమ్మ ఫొటో ముందుకెళ్ళి చెప్పొచ్చాను. తర్వాత రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, టెన్షనూ అంతే.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. ఫ్రెంచ్ హార్న్ బూర రాసినదానికంటే ఐదో స్వరం కింద పలుకుతుంది, ఎవరి పార్టు వాళ్ళకిచ్చే కాగితాలు మళ్ళీ సరిచూసుకో. స్కోరులో ప్రతి బార్‌కీ, అంటే ప్రతి తాళపు గడికీ, నంబరు వేసుకో. ప్రతి స్టాండు మీదా పెన్సిల్ పెట్టు. సెకనుకి 24 ఫ్రేములు, 12 ఫ్రేములకో క్లిక్ (చెవిలో తాళం చెప్పే టిక్కు) అంటే నిమిషానికి 120. కంప్యూటర్ లెక్క కట్టినా ఒకసారి చేత్తో వేసి చూసుకో. బ్రాస్ వాళ్ళకి, అంటే ఇత్తడి బూరలు ఊదేవాళ్ళకి, పెద్ద క్యూలన్నీ (సీన్లకి రాసిన సంగీతపు ముక్కలన్నీ) వరసగా పెట్టకు, పెదాలు అలిసిపోతాయి. ఆ రోజు పొద్దున్నే ఏదైనా తిని వెళ్ళు. పని ఉందంటే నువ్వు కాఫీ మీదే బతుకుతావని మీ అమ్మ చెబుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో చెయ్యెత్తితే చెయ్యి వణుకుతుంది. ముందు వరస వయొలిన్లకి అది కనిపిస్తుంది తల్లీ. ఇరవయ్యేళ్ళు ఆ వరసలో కూర్చున్నవాణ్ణి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

1979లో మద్రాసులో ఒక తెలుగు సినిమాకి ఆర్.ఆర్., అంటే రీరికార్డింగ్, నేపథ్య సంగీతం పని జరుగుతోంది. నేను వయొలిన్ వాయిస్తూనే మా గురువుగారి దగ్గర నొటేషన్లు రాసేవాణ్ణి. క్లైమాక్సులో గూడ్సు బండి మీద ఫైటు, నాలుగు నిమిషాలు. "ఇది నువ్వు రాయరా" అన్నారాయన. అంతకు కొన్నాళ్ళ ముందే 'బ్రేక్‌హార్ట్ పాస్' చూసి ఉన్నాను. 1975 సినిమా, అలిస్టర్ మెక్లీన్ తన నవలకి తనే రాసిన స్క్రీన్‌ప్లే, జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం. అమెరికాలో ఐడహో కొండల్లో తీశారు. కోటలో డిఫ్తీరియా సోకిందని మందులతో బయల్దేరిన స్టీమ్ ఇంజన్ బండి, చుట్టూ మంచు, లోపల వరసగా హత్యలు. బండెక్కినవాళ్ళలో చాలామంది తాము చెప్పుకున్న మనుషులు కారు. టైటిల్స్‌లో ఆర్కెస్ట్రా ఆ బండితో పాటు ఉరుకుతుంటే నా కుర్చీ కదిలినట్టయింది. ఆ ఉరుకు ఒక్కటే మనసులో పెట్టుకుని ఇంటికొచ్చాను. గోల్డ్‌స్మిత్ ఎక్కడెక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో గమనించలేదు.

నాలుగు సెల్లోలు (వయొలిన్ జాతిలోనే పెద్దవి, లోతుగా పలికేవి), ఇంకా లోతైన రెండు డబుల్ బాసులు, ఒక సైడ్ డ్రమ్ము పెట్టి చక్రాల చప్పుడు రాశాను. బార్‌కి పదహారు నోట్లు, కింది తీగ మీద, నాలుగు నిమిషాలు ఎక్కడా ఆగకుండా. మొదటి సెల్లో వాయించినాయనకి అరవై దాటాయి. ఏడో టేకు అయ్యేసరికి విల్లు పట్టే బొటనవేలి దగ్గర తోలు లేచిపోయింది. రుమాలు చించి చుట్టుకుని, "ఇంకోటి కానీ బాబూ, ఇందాక మధ్యలో తడబడ్డాను" అన్నాడు. ఎనిమిదోది ఓకే అయింది. రికార్డింగ్ రూములో వింటే ఒళ్ళు పులకరించింది. అందరూ నా భుజం తట్టారు.

నాలుగు రోజుల తర్వాత మిక్సింగ్. ఇంజనీరు రైలు చప్పుడు ట్రాకు ఎత్తాడు. ఇంజను, చక్రాలు, పట్టాల అతుకుల మీద దడదడ. సెల్లోలు లేవు. మ్యూజిక్ పెంచమన్నాను. పెంచితే రెండూ కలిసి ముద్దయిపోయి హీరో మాట కూడా వినపడలేదు. తగ్గిస్తే రెండు ట్రంపెట్లు మిగిలాయి, కింద ఆధారం లేకుండా అరుస్తూ. చక్రం ఏ లోతులో మోగుతుందో సరిగ్గా అదే లోతులో, అదే నడకలో నేను సెల్లోలు పెట్టాను. మా గురువుగారు తిట్టలేదు. "రైలు వాయిస్తోంది కదరా, మళ్ళీ నువ్వెందుకు వాయించడం?" అని మాత్రం అన్నారు.

రిలీజ్ రోజున ఆ సెల్లో ఆయన మనవణ్ణి తీసుకుని హాలుకొచ్చాడు. నేను రెండు వరసల వెనక ఉన్నాను. క్లైమాక్సులో బండి కనపడగానే పిల్లాడి చెవి దగ్గరికి వంగి, ఇదిగో ఇప్పుడు విను అన్నట్టు వేలెత్తాడు. ఆ వేలు కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కలిసి పనిచేశాం, ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.

అందుకని, ఒక్క బార్ రాయకముందే మీ సినిమాకి సౌండ్ చేసే అబ్బాయి దగ్గరికి వెళ్ళు. బండి చప్పుడు ఏ సీన్లో ఎంత పెడతాడో అడుగు. రఫ్‌గా ఉన్నా సరే ఆ చప్పుడు తెచ్చుకుని దాని మీద రాయి. రైలు పెట్టె లోపలి సీన్లలో తలుపులు మూసుంటాయి, చక్రం దూరంగా వినిపిస్తుంది. అక్కడ నీకు చోటుంది, మ్యూట్ వేసి గొంతు తగ్గించిన వయోలాలు, ఒక్క క్లారినెట్ చాలు. రైలు కథకి భయం ఇంజన్లో ఉండదమ్మా, ఎదుటి సీట్లో ఉంటుంది. కథ బండి పైకప్పు మీదికెళ్ళినప్పుడు చక్రం చప్పుడు కంటే పై స్వరాల్లో రాయి, హార్న్‌లకి పొడుగు నోట్లు ఇవ్వు. లేదా పూర్తిగా ఊరుకో. 1968లో వచ్చిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' మొదటి సీను మళ్ళీ చూడు. స్టేషన్లో ముగ్గురు బండి కోసం కాచుకుని ఉంటారు. గాలిమర కిర్రుమంటుంది, ఈగ ముసురుతుంది, నీటి చుక్క పడుతుంది. సంగీతం చేసిన మోరికోనే అంతసేపూ ఆగాడు. ఎవరూ దిగలేదనుకుని వాళ్ళు వెనుదిరిగాక, బండి కదిలిపోతుంటే అప్పుడు వినిపిస్తుంది హార్మోనికా. ఆ ఒక్క హార్మోనికాకి నాకు ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

బండి వేగం పెరగాలంటే క్లిక్ పెంచుకుంటూ పోకు. స్వరకర్త హోనెగర్ 1923లో స్టీమ్ ఇంజన్ మీద ఆర్కెస్ట్రాకి రాసిన 'పసిఫిక్ 231' స్కోరు తెరిచి చూడు. అందులో టెంపో, అంటే తాళం వేగం, తగ్గుతూ వస్తుంది, నోట్లు మాత్రం చిన్నవవుతూ పోతాయి. వినేవాడికి బండి ఊపందుకున్నట్టే ఉంటుంది. నువ్వు ఎనిమిదేళ్ళప్పుడు నా దగ్గర వర్ణం రెండో కాలంలో వాయించావు చూడు, తాళం మారకుండా స్వరాలు రెట్టింపు చేసి? చెయ్యి అదే, పరుగు వేరే. నీకది అప్పుడే వచ్చు.

కంప్యూటర్ డెమో విని మీ డైరెక్టర్ అంతా ఓకే అనేశాడని మీ నాన్న గొప్పగా చెప్పాడు. నాకు కోపమొచ్చింది, నీ మీద కాదు. ఆ డెమోలో సెల్లోకి చెయ్యి నొప్పి పుట్టదు, ఎన్ని నిమిషాలైనా వాయిస్తుంది. నువ్వు రాసిన ప్రతి లైనూ నోటితో పాడుకుని, ఆ చెయ్యి ఎక్కడ ఆగాలో చూడు. వచ్చిన 42 మందికీ ఎడతెగని పని ఇవ్వక్కర్లేదు. ఇచ్చిన పని మాత్రం తెర మీద వినపడాలి.

తేదీ ఖాయమయ్యాక చెప్పు. వేసవిలో అయితే నీకు పొద్దున పది, మాకు రాత్రి పదిన్నర. మేలుకునే ఉంటాను, నువ్వు ఫోన్ చెయ్యక్కర్లేదు. అంతా అయ్యాక నాకు రెండు కాపీలు పంపు. ఒకటి సినిమాతో కలిపింది. ఇంకొకటి రైలు చప్పుడు లేకుండా, సెల్లోలు ఒక్కటే.

ఉంటాను తల్లీ,
మీ చిన్నతాతయ్య