మోటార్ కన్నా ముందు స్ప్రింగ్ సంగతి చూడండి

ఇల్లు - మరమ్మతు: పాఠకుల ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గ్యారేజ్ డోర్ ఓపెనర్ల గురించే, అంటే గ్యారేజ్ తలుపును మోటార్‌తో తెరిచి మూసే యంత్రాల గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి, ఐదింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది రెండు కార్లు పట్టే గ్యారేజ్, స్టీలు తలుపు. చేత్తో ఎత్తాలంటే మా వారికీ నాకూ ఇద్దరికీ నడుం పట్టేస్తోంది. ఓపెనర్ పెట్టించుకుందామని అడిగితే ఒకాయన అర హార్స్‌పవర్ మోటార్ చాలన్నారు, ఇంకొకాయన ఒకటింపావు లేనిదే తలుపు కదలదన్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో అసలు విషయం ‘నడుం పట్టేస్తోంది’ అన్న దగ్గర ఉంది. గ్యారేజ్ తలుపు ఎంత పెద్దదైనా సరే, సరిగ్గా ఉంటే ఒక మనిషి పెద్దగా కష్టపడకుండా ఎత్తగలగాలి. ఇద్దరు ఎత్తినా కష్టంగా ఉందంటే తప్పు తలుపుది కాదు, పైనున్న స్ప్రింగ్‌ది.

రెండు కార్ల స్టీలు తలుపు సులువుగా 70 కిలోలు తూగుతుంది. లోపల ఇన్సులేషన్ ఉన్నా, చెక్కదైనా 100 కూడా దాటొచ్చు. ఆ బరువంతా మోటారే ఎత్తుతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఎత్తేది స్ప్రింగ్. త్రాసులో ఒక పళ్లెంలో తలుపు ఉందనుకోండి, రెండో పళ్లెంలో ఉన్నది స్ప్రింగ్. రెండూ సమంగా తూగినప్పుడు మోటార్ చేయాల్సిందల్లా కాస్త అటో ఇటో మొగ్గించడమే. స్ప్రింగ్ బలం తగ్గిందా, ఆ తేడా అంతా మోటార్ నెత్తిన పడుతుంది. మీరు ఒకటింపావు హార్స్‌పవర్ తెచ్చి బిగించినా కొన్నాళ్లు మూలుగుతూ లాగి, చివరికి లోపలి ప్లాస్టిక్ గేరు అరగ్గొట్టుకుంటుంది.

మీరే చేసుకోగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. ముందు తలుపు పూర్తిగా మూసి, స్ప్రింగ్‌ను కింద నుంచే పరిశీలనగా చూడండి. చుట్ల మధ్య ఎక్కడైనా రెండు వేళ్లు పట్టేంత ఖాళీ కనిపిస్తే అది తెగిపోయినట్టే. ఇక తలుపు ముట్టుకోకుండా మెకానిక్‌ను పిలవండి. ఖాళీ లేకపోతే తలుపును నెమ్మదిగా నడుము ఎత్తుదాకా లేపి, చేతులు దగ్గరే ఉంచుకుని పట్టు సడలించండి. తలుపు అక్కడే నిలబడాలి. ఒకటి రెండు అంగుళాలు జారితే పరవాలేదు. కిందికి దిగిపోతుంటే స్ప్రింగ్ చాలడం లేదు, తనంతట తాను పైకి పోతుంటే స్ప్రింగ్ ఎక్కువైంది. పరీక్ష చేసేటప్పుడు వేళ్లు పలకల అతుకుల మధ్య పెట్టకండి. ఇప్పటికే ఓపెనర్ ఉన్నవాళ్లు కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఓపెనర్ నుంచి వేలాడే ఎర్ర తాడు లాగితే తలుపుకి మోటార్‌తో లంకె విడిపోతుంది. కానీ ఆ తాడును తలుపు మూసి ఉన్నప్పుడే లాగాలి. తెరిచి ఉండగా లాగితే, స్ప్రింగ్ తెగి ఉన్న పక్షంలో తలుపు మొత్తం ఒక్కసారిగా కిందికి వచ్చేస్తుంది.

పరీక్ష మీ పని, బిగింపు మాత్రం మీది కాదు. తలుపు పైన అడ్డంగా ఇరుసు మీద ఉండే టోర్షన్ స్ప్రింగ్ మీద పొడుగునా తిన్నగా ఒక గీత గీసి ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? మెలితిప్పుతుంటే ఆ గీత స్ప్రింగ్ చుట్టూ తిరుగుతుంది. ఎన్ని చుట్లు కనిపిస్తే అన్నిసార్లు తిప్పినట్టు లెక్క. ఏడడుగుల తలుపుకి మామూలుగా ఏడున్నర చుట్లు వస్తాయి. తిప్పేటప్పుడు అంత బలం మెకానిక్ చేతిలోని రెండు ఇనుప కడ్డీల మీద ఆనుకుని ఉంటుంది. నాకు పని నేర్పిన మేస్త్రీ కడ్డీకి ఎదురుగా నిలబడేవాడు కాదు, ఎప్పుడూ ఒక పక్కగా నిలబడి తిప్పేవాడు. కడ్డీ జారితే మణికట్టో దవడో పోతుందని ఆయనకు బాగా తెలుసు. దయచేసి వీడియోలు చూసి ఈ పనికి దిగకండి.

మామూలు టోర్షన్ స్ప్రింగ్ సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి సరిపోతుంది. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో ఏడేళ్ల లోపే అయిపోతుందన్నమాట. మీ తలుపు వయసు అంతకు మించితే, ఓపెనర్ బిగించే రోజే స్ప్రింగ్ కూడా మార్పించండి.

ఇక హార్స్‌పవర్. తూకం సరిగ్గా ఉంటే ఒక కారు స్టీలు తలుపుకి అర హార్స్‌పవర్ చాలు. మీ రెండు కార్ల తలుపుకి ముప్పావు తీసుకోండి. బరువైన చెక్క తలుపుకో, బాగా ఎత్తైన తలుపుకో తప్ప ఒకటింపావు అక్కర్లేదు. కొన్ని పెట్టెల మీద హార్స్‌పవర్ బదులు న్యూటన్లు రాసి ఉంటాయి. 600 ఒక కారు తలుపుకి, 1000 పెద్ద తలుపుకి అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: గ్యారేజ్ మీదే మా పడకగది. రాత్రి డ్యూటీ నుంచి మా అబ్బాయి వచ్చినప్పుడల్లా తలుపు చప్పుడికి ఇల్లంతా లేస్తోంది. తలుపును చైన్‌తో లాగే ఓపెనర్ తీసేసి బెల్ట్‌తో లాగేది పెట్టించమంటున్నారు. నిజంగా తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. పడకగది పైనో పక్కనో ఉంటే నేను చైన్ సలహా ఇవ్వను. చైన్ గట్టిది, చవక, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇంటికి దూరంగా విడిగా కట్టిన గ్యారేజ్‌కి అంతకు మించింది అక్కర్లేదు. మీకు మాత్రం బెల్టే కావాలి. బెల్ట్‌తో పాటు డీసీ మోటార్ ఉన్నది చూసుకోండి. అది మెల్లగా మొదలై, నేలకు తాకే ముందు మళ్లీ మెల్లబడుతుంది. చివర్లో వచ్చే ఆ ‘ధన్’మన్న చప్పుడు చాలావరకు పోతుంది.

అయితే కొనేముందు ఒక్క పని చేయండి. ఎర్ర తాడు లాగి తలుపును చేత్తో తెరిచి మూసి వినండి. అప్పుడు కూడా గరగరలాడితే ఆ చప్పుడు ఓపెనర్‌ది కాదు, రోలర్లది, అంటే పక్కల ఉండే ట్రాక్‌లో తలుపును నడిపించే చిన్న చక్రాలది. ఇనుప రోలర్లు తీయించి బేరింగులున్న నైలాన్ రోలర్లు వేయించండి. కీలుకీ, రోలర్ బేరింగులకీ, స్ప్రింగ్‌కీ సిలికాన్ స్ప్రే గానీ తెల్ల లిథియం గ్రీజు గానీ పెట్టండి. ట్రాక్ లోపల మాత్రం గ్రీజు పూయకండి. దుమ్ము పట్టి జిగురుగా గడ్డకడుతుంది. ట్రాక్‌ను పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మోటార్‌ను పైకప్పు దూలాలకు ఇనుప పట్టీలతో నేరుగా బిగిస్తారు. ఆ పట్టీల ద్వారా అదురు మొత్తం పడకగది నేలలోకి ఎక్కుతుంది. మధ్యలో రబ్బరు దిమ్మలు పెట్టి బిగించమని అడగండి. కొంతమంది ఇళ్లలో ఓపెనర్ మార్చకుండా ఈ రబ్బరు, ఆ నైలాన్ రోలర్లతోనే పని అయిపోయింది.

ప్రశ్న: మా గ్యారేజ్ పైకప్పు బాగా కిందికి ఉంది. తలుపు తెరిస్తే పైకప్పుకి దాదాపు ఆనుతుంది. మోటార్ పెట్టే చోటే లేదు. మాకు దారి లేదా?

జవాబు: ఉంది. పైకప్పుకి కాక, తలుపు పక్క గోడకి బిగించే ఓపెనర్లు వస్తాయి. అవి చైన్, బెల్ట్ లేకుండా స్ప్రింగ్ ఉన్న ఇరుసునే నేరుగా తిప్పుతాయి. చప్పుడు తక్కువ, పైన చోటు మొత్తం ఖాళీ. ఖరీదు మిగతా వాటికన్నా ఎక్కువ. ఒక్క షరతు: మీ తలుపుకి పైన ఇరుసు మీద టోర్షన్ స్ప్రింగ్ ఉండాలి. రెండు పక్కలా ట్రాక్ వెంట సాగే స్ప్రింగులు ఉంటే ఇది కుదరదు. ఆ సాగే స్ప్రింగుల మధ్య నుంచి సన్నని స్టీలు తాడు వెళ్తోందో లేదో కూడా చూసుకోండి. స్ప్రింగ్ తెగినప్పుడు ఎగిరి వచ్చి తగలకుండా ఆపేది ఆ తాడే.

పలకలు పలకలుగా మడిచే తలుపు కాక చుట్టుకునే షట్టర్ ఉన్నవాళ్లకు ఈ జవాబు వర్తించదు. వాటి మోటార్లు వేరు.

ప్రశ్న: మా మనవలు గ్యారేజ్ ముందే ఆడుకుంటారు. ఆ తలుపు ఎప్పుడు ఎవరి మీద పడుతుందోనని టెన్షన్. దానికి తోడు సాయంత్రం పూట మా ఓపెనర్ ఎంత నొక్కినా తలుపు మూయదు. సగం దిగి మళ్లీ పైకి పోతుంది. ఉదయం బాగానే ఉంటుంది. పైగా మా బావమరిది తన పాత ఓపెనర్ ఊరికే ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోకండి బాబాయ్ గారూ. ఎంత పాతదో తెలియని ఓపెనర్ పిల్లలున్న ఇంట్లో వద్దు. అమెరికాలో 1993 జనవరి 1 తర్వాత తయారైన ఇళ్ల ఓపెనర్లకి, అడ్డు తగిలితే వెనక్కి వెళ్లడం ఒక్కటే కాకుండా, కాంతి సెన్సర్ లాంటి రెండో రక్షణ కూడా ఉండాలని చట్టం వచ్చింది. తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోయిన తర్వాత వచ్చిన చట్టం అది. మీరు ఎక్కడ ఉన్నా, ఏ కంపెనీది కొన్నా ఈ రెండూ లేనిది ఇంట్లోకి రానివ్వకండి. పాతవాటిలో ఇంకో లోపం ఉంది. వాటి రిమోట్‌కి చిన్న చిన్న స్విచ్‌లతో పెట్టిన ఒకే కోడ్ ఉంటుంది, అది ఎప్పటికీ మారదు. 2015లో ఒక భద్రతా పరిశోధకుడు పిల్లల ఆటబొమ్మలో మార్పులు చేసి అలాంటి తలుపులను పది సెకన్ల లోపే తెరవొచ్చని చూపించాడు. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ ఉన్నదే కొనండి.

సాయంత్రం సమస్యకు కారణం ఎండ అయి ఉంటుంది. తలుపు అటూ ఇటూ నేల నుంచి 15 సెంటీమీటర్ల లోపు ఎత్తులో రెండు చిన్న కళ్లు ఉంటాయి. ఒకటి కిరణం పంపిస్తుంది, రెండోది అందుకుంటుంది. పొద్దువాలే ఎండ అందుకునే కంట్లో నేరుగా పడితే కిరణం కనిపించక, ఎవరో అడ్డున్నారనుకుని తలుపు వెనక్కి పోతుంది. ఆ కంటిని చేత్తో నీడ చేసి, ఎవరినైనా బటన్ నొక్కమనండి. మూసుకుంటే కారణం అదే. రెండు కళ్లనూ అటుది ఇటు, ఇటుది అటు మార్పించండి. విసుగొచ్చి సెన్సర్లు రెండూ ఊడదీసి ఎదురెదురుగా పైకప్పుకి కట్టేసిన ఇళ్లు నేను చూశాను. ఆ పని మాత్రం చేయకండి, మీ మనవల కోసం అడుగుతున్నాను.

నెలకోసారి ఇంకో పరీక్ష చేయండి. తలుపు దిగే చోట నేల మీద 4 సెంటీమీటర్ల మందం చెక్క ముక్క పడుకోబెట్టి మూయండి. తలుపు చెక్కను తాకిన రెండు సెకన్లలోపు వెనక్కి వెళ్లాలి. వెళ్లకపోతే సరిచేసేదాకా ఓపెనర్ వాడకండి. గోడ మీది బటన్ పిల్లలకు అందకుండా ఐదడుగుల ఎత్తులో ఉండాలి. రిమోట్ వాళ్ల చేతికి ఇవ్వకండి.

ప్రశ్న: ఫోన్‌తో తెరిచే ఓపెనర్ తీసుకోవచ్చా? కరెంటు పోతే ఎలా?

జవాబు: ఫోన్ సదుపాయం మంచిదే. తలుపు వేశామా లేదా అని ఆఫీసులో కూర్చుని చూసుకోవచ్చు. మూసే ముందు దీపం వెలిగించి, బీప్ కొట్టి హెచ్చరించేది మాత్రమే తీసుకోండి. మీ వైఫై సిగ్నల్ గ్యారేజ్ దాకా వస్తోందో లేదో ముందే ఫోన్‌తో చూసుకోండి. ఓపెనర్‌లో ఏ ఎల్‌ఈడీ బల్బు పడితే అది వేయకండి. కొన్ని బల్బులు రిమోట్ సిగ్నల్‌ను చెడగొడతాయి. రిమోట్ దగ్గరికొస్తే గానీ పనిచేయకపోతే ముందు బల్బు తీసి చూడండి.

కరెంటు సంగతికొస్తే బ్యాటరీ ఉన్నదే కొనమంటాను. 2017 కార్చిచ్చుల్లో కరెంటు లేక కొందరు కార్లు బయటికి తీయలేకపోయారు. దాంతో 2019 జులై నుంచి కాలిఫోర్నియాలో ఇళ్లకు అమ్మే కొత్త ఓపెనర్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు. బ్యాటరీ లేకపోయినా లోపల ఉన్నవాళ్లు ఎర్ర తాడు లాగి తలుపు ఎత్తుకోవచ్చు. కానీ మీ గ్యారేజ్‌కి వేరే తలుపు లేకపోతే, బయట ఉన్నవాళ్లకు ఆ తాడు అందదు. అలాంటి ఇళ్లకోసం బయటి నుంచి తాళంచెవితో తిప్పి ఆ తాడును లాగే చిన్న తాళం దొరుకుతుంది. తలుపుకి రంధ్రం వేయాల్సి ఉంటుంది కాబట్టి, ఓపెనర్ బిగించడానికి వచ్చిన రోజే దాన్ని కూడా పెట్టించుకోండి. తలుపుకి పాత గడియ ఉంటే అదే రోజు తీయించేయండి. గడియ వేసి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే పై పలక వంగిపోతుంది.