కార్న్‌వాల్ పూర్వీకుల కోసం వెతుకుతుంటే ముందు భూస్థాపన పుస్తకం తెరవండి

ప్రశ్న: మా అల్లుడిది ఇంగ్లండులోని కార్న్‌వాల్. వాళ్ల పూర్వీకుల వివరాలు పాత చర్చి రిజిస్టర్లలో ఎలా వెతకాలి? ఎంత వెనక్కి వెళ్లగలం?

ఎంత వెనక్కి అన్నది చిన్న విషయం. ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ 1538లో, ప్రతి చర్చీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు పుస్తకంలో రాయాలని ఉత్తర్వు వేశాడు. అంత పాత పుస్తకాలు అన్ని ఊళ్లలోనూ మిగల్లేదు. అంతర్యుద్ధం పుణ్యమా అని 1642 నుంచి 1660 దాకా చాలాచోట్ల ఖాళీలే. అదృష్టం బాగుంటే 1600ల దాకా వెళ్తారు.

ఎలా వెతకాలన్నది అసలు సంగతి. అందరూ బాప్తిస్మం పుస్తకం మీద పడతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది భూస్థాపన పుస్తకం. పిల్లాడు పుట్టాడని తెలిస్తే చాలు, బతికాడో లేదో చూడకుండానే వాడికి పెళ్లి చేసి మనవల్ని కూడా పుట్టించేస్తారు. నెట్‌లో దొరికే వంశవృక్షాల్లో సగానికి సగం ఇలా చచ్చిపోయిన పసిపిల్లల మీద నిలబడ్డవే అని నా గట్టి నమ్మకం.

మా అత్తగారిది కామ్‌బోర్న్. తగరం, రాగి గనుల ఊరు. వాళ్లింట్లో తరతరాలుగా ఒక మాట ఉంది, వాళ్ల విలియం తాత గని కెప్టెన్ కొడుకని. కెప్టెన్ అంటే సైన్యం కాదు, గనిలో పని చేయించే పెద్ద. వరసకు నాకు బావగారయ్యే ఒకాయన ఆ మాట పట్టుకుని, నెట్‌లో కెప్టెన్ మీదుగా ఒక జమీందారీ కుటుంబం దాకా ఎగబాకాడు. వాళ్ల వంశచిహ్నం ప్రింట్ తీయించి హాల్లో ఫ్రేము కట్టించాడు కూడా.

నేను, అత్తగారు కలిసి రెడ్‌రూత్‌లోని క్రెసెన్ కెర్నోకి వెళ్లాం. కార్న్‌వాల్ పాత కాగితాలన్నీ ఉండేది అక్కడే. పాత బీరు ఫ్యాక్టరీని బాగుచేసి 2019లో తెరిచారు. 1813 నుంచి రిజిస్టర్లు అచ్చు ఫారాల్లో ఉంటాయి, బాప్తిస్మం దగ్గర తండ్రి వృత్తి, నివాసం కూడా రాస్తారు. 1816లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు విలియమ్‌లు తేలారు. అన్నదమ్ములిద్దరూ తండ్రి పేరే తమ పెద్దకొడుకులకు పెట్టుకున్నారు. ఒకడిది టకింగ్‌మిల్, తండ్రి గనిలో కెప్టెన్. ఇంకొకడిది ట్రూన్, తండ్రి మామూలు గని కార్మికుడు.

బావగారు మొదటివాణ్ణి పట్టుకున్నాడు. నేను భూస్థాపనలు తిప్పుతూ పోయాను. 1819లో ఉంది: విలియం, టకింగ్‌మిల్, వయసు మూడేళ్లు. భూస్థాపన ఫారంలో తల్లిదండ్రుల పేర్ల గడి లేదు కాబట్టి జనం దాన్ని పట్టించుకోరు. నివాసం గడి ఉందిగా! చనిపోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం అక్కడ మామూలు, అందుకని అదీ చూశాం. కెప్టెన్‌కు మళ్లీ విలియం పుట్టలేదు. 1837 జూలై నుంచి పెళ్లి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, వృత్తి రాయడం మొదలైంది. మన విలియం పెళ్లి ఆ తర్వాతే. అందులో తండ్రి గని కార్మికుడు. పెళ్లికొడుకు సంతకం చోట ఇంటూ గుర్తు.

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "పోనీలేమ్మా, మా నాన్నకు కెప్టెన్లంటే అస్సలు పడేది కాదు" అన్నారు. బావగారు మాత్రం ఫ్రేము దించలేదు. డబ్బు కట్టి తయారుచేసుకున్న చెట్టు మరి. ఆ డబ్బు కట్టే సైట్ల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ఒకరి తప్పును పదిమందికి "సూచన" పేరుతో పంచుతాయి, పైగా ఏడాది తిరగ్గానే అడక్కుండా కార్డులోంచి కోసేసుకుంటాయి. కార్న్‌వాల్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్‌ల వాలంటీర్లు ఎక్కించిన రికార్డులు ఉచితం (పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం). ఫ్యామిలీసెర్చ్ సైటు కూడా ఉచితమే. అక్కడ మొదలుపెట్టండి, కానీ వీలున్నచోట అసలు పేజీ ఫొటో చూడకుండా ఏదీ నమ్మకండి.

చర్చిలో బాప్తిస్మం కనపడకపోతే కంగారు పడొద్దు. గని ఊళ్లలో చాలా కుటుంబాలు మెథడిస్టులు, అంటే ఇంగ్లండు అధికారిక చర్చి నుంచి విడిపోయిన శాఖ వాళ్లు. వాళ్ల రిజిస్టర్లు వేరు. 1876 దాకా కార్న్‌వాల్‌కు సొంత బిషప్ లేడు, పక్కనున్న డెవాన్‌లోని ఎక్సెటర్ బిషప్ కిందే ఉండేది. అందుకని చర్చిలు ఏటేటా బిషప్‌కు పంపిన నకళ్లు ఎక్సెటర్‌లోనూ వెతకాలి. అక్కడి వీలునామాలు మాత్రం 1942లో జర్మన్ బాంబులకు కాలిపోయాయి. ఇంకొకటి, 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఫిబ్రవరి పాత ఏడాది చివర్లో వచ్చేది. ఫిబ్రవరిలో పుట్టిన పిల్లాడు తల్లిదండ్రుల పెళ్లికి ముందే పుట్టినట్టు కనపడితే ఎవరినీ అనుమానించకండి.

ఇక నేను ఇందులో ఎందుకు పడ్డానంటే, మాది కుప్పం వైపు. మా తాత కేజీఎఫ్‌లో, ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. 1860లలో రాగి ధర పడిపోయాక కార్న్‌వాల్ వాళ్లు ఆస్ట్రేలియా, మెక్సికో, అమెరికా ఎక్కడ గని ఉంటే అక్కడికి పోయారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లండు గనుల కంపెనీ కోలారుకు వచ్చాక ఇక్కడికీ వచ్చారు. ఆ ట్రూన్ విలియం మనవడు వాళ్లలో ఒకడు. అతని కూతురికి కోలారులో ఇచ్చిన బాప్తిస్మం నకలు మద్రాసు మీదుగా లండన్ చేరింది, ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉంది. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, తండ్రి ఉద్యోగం అన్నీ ఉన్నాయి. అదే గనుల్లో ఒళ్లు హూనం చేసుకున్న మా తాతకు రేషన్ కార్డులో ఒక వయసు, పెన్షన్ పుస్తకంలో ఇంకో వయసు. ఆయన తండ్రి పేరు ఏ కాగితం మీదా దొరకలేదు. మా మేనత్త చెప్పిందే మాకు ఆధారం. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మీ అల్లుడి విషయానికొస్తే, కార్న్‌వాల్ అని చెబితే సరిపోదు. అక్కడ రెండు వందలకు పైగా పాత పారిష్‌లున్నాయి. వాళ్ల తాతల ఊరు ఏది, వాళ్లు చర్చి వాళ్లా మెథడిస్టులా కనుక్కుని కింద రాయండి, ఏ రిజిస్టర్ చూడాలో చెబుతాను.