అనేక ఊళ్లకు ఒకే మంచినీటి పథకం ఉంటే మండల, జిల్లా పరిషత్తులు దాన్ని ఎలా నడిపిస్తాయి?

మీ ఊరితో కలిపి పద్నాలుగు ఊళ్లకు ఒకే చెరువు నుంచి తాగునీళ్లు వస్తున్నాయనీ, చెరువు దగ్గరి ఊళ్లకు రోజూ వస్తుంటే మీకు మూడు నాలుగు రోజులకోసారి బిందెలు నిండుతున్నాయనీ రాశారు. పంచాయతీలో అడిగితే మండలానికి వెళ్లమంటున్నారు, మండలంలో అడిగితే జిల్లా పరిషత్తు చూసుకోవాలంటున్నారు. ఇన్ని ఊళ్ల మధ్య ఒక సేవను అసలు ఎవరు సమన్వయం చేస్తారన్నది మీ ప్రశ్న. నేను ప్రకాశం జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఇలాంటి పథకాలకు చిట్టచివర ఉండే ఊళ్లలోనే గడిచింది. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఎవరి బాధ్యత ఎక్కడిదాకానో చూద్దాం. ఒక్క ఊరికే పరిమితమైన బోరు, ట్యాంకు, కుళాయిలు అయితే అది పూర్తిగా గ్రామ పంచాయతీ పని. ఒకే నీటి వనరు మీద పలు ఊళ్లు ఆధారపడితే దాన్ని సమగ్ర రక్షిత మంచినీటి పథకం అంటారు. కార్యాలయాల్లో సీపీడబ్ల్యూఎస్ అన్న పేరుతోనే నడుస్తుంది. చెరువు, ఫిల్టర్ బెడ్లు, పంపు హౌసు, అక్కడి నుంచి ఒక్కో ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా వచ్చే మెయిన్ లైను జిల్లా పరిషత్తు నిధులతో, గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజినీర్ల పర్యవేక్షణలో నడుస్తాయి. ట్యాంకులో నీళ్లు పడ్డాక వీధుల్లోకి వదలడం, ఊళ్లో లీకేజీలు, నీటి పన్ను వసూలు పంచాయతీవి. కాబట్టి మీకు రెండు చోట్లా చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ ఏ ఊరి ట్యాంకు ఏ రోజు, ఎంతసేపు నింపాలో నిర్ణయించేది ఎవరన్నది మీకు ఎవరూ చెప్పలేదు. మీ కష్టమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

మా వైపు ఈ పథకాలు ఎందుకు తప్పనిసరి అయ్యాయో చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, మోతాదు ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. నడుం నిటారుగా నిలవని పెద్దవాళ్లను ఆ ఊళ్లలో చూశాను. అందుకే నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు అక్కడ ప్రాణాధారం. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో ఎస్‌ఎస్ ట్యాంకులనే వేసవి నిల్వ చెరువులను నింపుకోవాలి. మళ్లీ వదిలేదాకా వాటితోనే నెట్టుకురావాలి. సాగర్‌లో తాగునీటికి ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కృష్ణా నది యాజమాన్య బోర్డులో తేలాలి. కాలువ ఎప్పుడు వదిలేదీ జలవనరుల శాఖ చెప్పాలి. చెరువు నిండిందో లేదో గ్రామీణ నీటి సరఫరా అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) చూడాలి. ఇన్ని చేతులు దాటి వచ్చిన నీళ్లు చివరి ఐదారు కిలోమీటర్లలో ఆగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం.

ఎక్కడ ఆగిపోతాయో నేను దగ్గర నుంచి చూశాను. మెయిన్ లైను పొలాల గుండా పోయేచోట, కాస్త ఎత్తుగా ఉన్నచోటల్లా గాలి బయటికి పోవడానికి ఎయిర్ వాల్వులు పెడతారు. చుట్టూ చిన్న సిమెంటు గది, పైన మూత. మండు వేసవిలో గొర్రెల మందలకు నీళ్లు కావాలి, మిరప తోటలో మందు కొట్టేవాళ్లకు నీళ్లు కావాలి. వాల్వు బోల్టు కొంచెం వదులు చేస్తే ధారగా వస్తాయి. పని అయ్యాక బిగించేవాళ్లు కొందరే. ఆ గది చుట్టూ పచ్చగా గడ్డి మొలిచి, పశువులు నీళ్లు తాగి పోతుంటాయి. పంపు హౌసులో మోటారు ఎప్పటిలాగే తిరుగుతూ ఉంటుంది, పుస్తకంలో ఆరు గంటల పంపింగ్ అని రాసి ఉంటుంది, మా ట్యాంకులోకి వచ్చే పైపులో మాత్రం గాలి చప్పుడు వినిపిస్తుంది. ఆ వాల్వు ఉన్న పొలం ఇంకో పంచాయతీది. మా సర్పంచి అక్కడికి వెళ్లి అడిగే అధికారం లేదు, ఆ ఊరి సర్పంచికి మా ట్యాంకు గురించి పట్టించుకోవాల్సిన అవసరం లేదు. మండల పరిషత్తు అవసరం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా మొదలైన పంచాయతీ సమితుల స్థానంలో 1986 చట్టంతో మండల పరిషత్తులు వచ్చాయి. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ తర్వాత వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఆధారం. దాని ప్రకారం మండల పరిషత్తుకు ఊళ్ల నుంచి ఎన్నికయ్యే ఎంపీటీసీ సభ్యులకు ఓటు ఉంటుంది. సర్పంచులు శాశ్వత ఆహ్వానితులు, అంటే కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. మూడు నెలలకోసారి జరిగే సర్వసభ్య సమావేశానికి వ్యవసాయం, విద్యుత్తు, వైద్యం, నీటి సరఫరా అన్ని శాఖల మండల అధికారులూ రావాలి. వాల్వు ఉన్న ఊరి సర్పంచి, నీళ్లు రాని ఊరి సర్పంచి, వాల్వు బాగుచేయించే ఏఈ, మోటారుకు కరెంటు ఇచ్చే ఏఈ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చునే చోటు మండల స్థాయిలో ఇంకోటి లేదు. ఈ సమావేశాలను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అధికారులు ప్రగతి నివేదిక చదివి వెళ్లిపోయే తంతుగా మార్చేస్తారు. నాకు అది బాధ కలిగించే విషయం.

మా మండలంలో ఒక వేసవిలో జరిగింది చెబుతాను. చివరి ఊళ్ల సర్పంచులు ముగ్గురు కలిసి ఒకే లేఖ మీద సంతకాలు పెట్టి, నీటి వంతుల సంగతి ఎజెండాలో చేర్చమని మండల పరిషత్తు అధికారి అయిన ఎంపీడీవోకు ఇచ్చారు. సమావేశంలో చెరువు ఉన్న ఊరి సర్పంచి లేచి, "చెరువుకు భూములు ఇచ్చింది మా ఊరు. మాకే వంతులు పెడతారా?" అని గట్టిగా అడిగాడు. ఆ మాటలో న్యాయం ఉంది. దానికి చివరి ఊరి పెద్దాయన ఒకరు, "భూమి ఇచ్చినందుకు మీకు రోజూ నీళ్లు ఇవ్వాల్సిందే నాయనా. ఎన్ని గంటలన్నదే మేం అడుగుతున్నాం" అన్నాడు. అక్కడ చర్చ దారిలో పడింది.

తర్వాత ఏఈ, కార్యదర్శులం కలిసి ఒక పట్టిక తయారు చేశాం. ఊరి జనాభా, ట్యాంకు ఎన్ని లీటర్లు పడుతుంది, నిండటానికి ఎన్ని గంటలు పడుతుంది, వంతు ఏ వేళ అన్నవి అందులో ఉంటాయి. పెద్ద లెక్కేమీ కాదు. జల జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. వెయ్యి మంది ఉన్న ఊరికి 55 వేల లీటర్లు కావాలి. అక్కడ 40 వేల లీటర్ల ట్యాంకు ఉంటే రోజుకు ఒక్కసారి నింపితే చాలదు. మరోపక్క చెరువు దగ్గరి ఊళ్లో ట్యాంకు నిండి పొర్లిపోతున్నా వాల్వు కట్టడం లేదని ఈ లెక్క వేసినప్పుడే బయటపడింది. దగ్గరి ఊళ్లకు రోజూ తెల్లవారుజామున, ఆపైన వాళ్ల గేట్ వాల్వులు కట్టేసి చివరి ఊళ్లకు పూర్తి ఒత్తిడితో నీళ్లు పంపాలని నిర్ణయించారు. వాల్వు తిప్పే ఇనుప రాడ్డు పంపు ఆపరేటర్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండకూడదని, ఎయిర్ వాల్వులు ఉన్న పంచాయతీలే వాటికి కాపలా బాధ్యత తీసుకోవాలని కూడా తీర్మానంలో రాయించారు. ఆ తీర్మానం నకలు ప్రతి పంచాయతీ కార్యాలయంలో అతికించాం. నీళ్లు ఎక్కువ రాలేదు, ఉన్నవే సర్దుబాటు అయ్యాయి. నోటిమాటగా ఒప్పుకున్నవి మర్నాటికి చెదిరిపోవడం అంతకుముందు చాలాసార్లు చూశాం. మినిట్స్ పుస్తకంలో రాసి ఉంటే ఆపరేటర్ ధైర్యంగా వాల్వు కట్టగలిగాడు. ఎవరైనా నిలదీస్తే కాగితం చూపించేవాడు.

ఇదే పద్ధతి పాలకవర్గాలు లేని రోజుల్లో ఎలా చతికిలపడిందో కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచుల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. పరిషత్తుల గడువు 2019లో ముగిసింది, పోలింగు 2021 ఏప్రిల్‌లో, లెక్కింపు సెప్టెంబరులో. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలన. ఒక్కో అధికారి చేతిలో పలు బాధ్యతలు. వాళ్లు కష్టపడలేదని అనను. కానీ పక్క ఊరి వాళ్లతో ముఖాముఖి మాట్లాడి, ఒప్పించి, మాట తీసుకునే మనిషి ఊరికి లేకుండా పోయాడు. వంతుల పట్టిక గోడ మీదే ఉండిపోయింది, వాల్వులు మళ్లీ ఎవరిష్టం వారిదయ్యాయి. ఎన్నికలు వాయిదా పడినప్పుడు పత్రికల్లో పార్టీల గొడవే కనిపిస్తుంది. ఊళ్ల మధ్య ఇలా తెగిపోయే సంబంధాల గురించి ఎవరూ రాయరు.

డబ్బు సంగతి కొంచెం. 2025-26 వరకు ఉద్దేశించిన పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటులో 70 నుంచి 85 శాతం గ్రామ పంచాయతీలకు, 10 నుంచి 25 శాతం మండలాలకు, 5 నుంచి 15 శాతం జిల్లా పరిషత్తులకు ఇవ్వవచ్చని చెప్పారు. అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి వాటికే ఖర్చు చేయాలన్నారు. డబ్బులో పెద్ద వాటా పంచాయతీల దగ్గర, పెద్ద పైపు జిల్లా పరిషత్తు దగ్గర ఉన్నాయన్నమాట. సీపీడబ్ల్యూఎస్ మోటార్ల కరెంటు బిల్లులు పేరుకుపోవడానికీ, ఆపరేటర్ల జీతాలు నెలల తరబడి ఆగడానికీ ఇది ఒక కారణం. జీతం అందని ఆపరేటర్ పనిలోకి రాకపోతే మొదట ఎండిపోయేది చివరి ఊరే.

జిల్లా పరిషత్తులో పనులు ఏడు స్థాయీ సంఘాల ద్వారా సాగుతాయి. గ్రామీణ నీటి సరఫరా, రోడ్లు, విద్యుత్తు ఈ మూడూ 'పనుల స్థాయీ సంఘం' కిందికి వస్తాయి. పథకం రెండు మూడు మండలాల్లో విస్తరించి ఉంటే మీ మండల తీర్మానం ఒక్కటే సరిపోదు, మీ మండలం నుంచి జిల్లా పరిషత్తుకు ఎన్నికైన జడ్పీటీసీ సభ్యుడు దాన్ని ఆ సంఘంలోకి తీసుకెళ్లాలి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినా జిల్లా పరిషత్తులు మాత్రం పాత 13 గానే కొనసాగాయి. దాంతో చీరాల వైపు వాళ్లకు కలెక్టరు బాపట్లలో, జిల్లా పరిషత్తు ఒంగోలులో ఉన్నట్టయింది. సోమవారం కలెక్టరేట్లో ఇచ్చిన అర్జీ ఒక ఊళ్లో, నిధులు విడుదల చేయాల్సిన కార్యాలయం ఇంకో ఊళ్లో ఉంటాయి. మీరూ అలాంటి మండలంలోనే ఉంటే అర్జీ రెండు చోట్లా ఇవ్వండి.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ఉంది. మిషన్ భగీరథలో ఊరి ట్యాంకు దాకా నీళ్లు తెచ్చేది ఆ విభాగం, ట్యాంకు నుంచి ఇళ్లకు ఇచ్చేది పంచాయతీ. గీత దాదాపు అక్కడే ఉంది కాబట్టి తగాదాలూ దాదాపు ఇవే.

నీళ్లు ఒక్కటే కాదు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు చదివే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వేళలకు తగ్గట్టు ఆర్టీసీ బస్సు సమయం మార్పించింది కూడా మేం ఈ సర్వసభ్య సమావేశంలోనే. ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున పంచాయతీలు వసూలు చేసే గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరితేనే పక్క ఊరి శాఖా గ్రంథాలయానికి పత్రికలు వస్తాయి. ఈ పన్ను జమ చేయని పంచాయతీలు ఎన్నో ఉన్నాయి.

ఇక మీరు చేయగలిగింది. ముందు మీ మండల పరిషత్తులో నీటి వంతుల మీద తీర్మానం ఎప్పుడైనా జరిగిందేమో సమాచార హక్కు చట్టం కింద ఎంపీడీవో కార్యాలయాన్ని అడగండి. 30 రోజుల్లో సమాధానం రావాలి. పంపు హౌసు లాగ్ పుస్తకం నకలు కూడా అడగండి, అది గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గర ఉంటుంది. ఏ రోజు ఎన్ని గంటలు మోటారు తిరిగిందో దాంట్లో ఉంటుంది. మీ ట్యాంకులోకి నీళ్లు వచ్చిన వేళలు మీరూ ఒక నెలపాటు రాసి పెట్టుకోండి. రెండూ పక్కన పెట్టి చూస్తే నీళ్లు దారిలో పోతున్నాయా, అసలు పంపింగే జరగడం లేదా అన్నది తెలిసిపోతుంది. అవి తేలాక ఒంటరిగా వెళ్లకండి. మీలాగే చివర ఉన్న రెండు మూడు ఊళ్ల సర్పంచులు, ఎంపీటీసీ సభ్యుల సంతకాలతో ఒకే లేఖ ఇచ్చి, తర్వాతి సమావేశం ఎజెండాలో చేర్పించండి. ఒక్క ఊరు అడిగితే ఫిర్యాదు కింద జమకట్టి పక్కన పెట్టే అవకాశం ఉంది. ప్రతి ఊరి ట్యాంకులోకి నీళ్లు వచ్చే పైపుకు మీటరు పెట్టాలని కూడా ఆ లేఖలో అడగండి. మీటరు ఉంటే ఎవరికెంత అన్నదాని మీద వాదన పెట్టుకోవాల్సిన పని ఉండదు.

మీ పథకం చెరువు ఏ మండలంలో ఉందో, మీ ఊరు ఏ జిల్లా పరిషత్తు కిందికి వస్తుందో రాయండి. లేఖ ఏ ఇంజినీరు కార్యాలయానికి, ఎవరెవరికి నకళ్లు పెట్టి పంపాలో చెబుతాను.