షెడ్డులో దొరికిన ఈగ ఊజి ఈగేనా, ఎక్సోరిస్టా ప్రజాతి అని ఎలా తేల్చుకోవాలి?

మల్బరీ పట్టుపురుగుల షెడ్డులో మీకు దొరికిన ఈగ వీపు మీద నాలుగు నల్లచారలున్నాయి కాబట్టి అది పట్టుపురుగుల ఒంట్లో పెరిగి వాటిని చంపే ఊజి ఈగే అనుకోవచ్చా, శరీర లక్షణాలను బట్టి దాన్ని ఎక్సోరిస్టా ప్రజాతిగా (దగ్గరి జాతుల గుంపుగా) నిర్ధారించే పద్ధతి ఏమిటి అని ఫోటో పంపి అడిగారు. చారలను బట్టి తేల్చవద్దని ముందుగా మనవి చేస్తున్నాను. ఇంటి ఈగ వీపు మీద కూడా నాలుగు చారలే ఉంటాయి. చచ్చిన పురుగుల వాసనకు షెడ్డు చుట్టూ మూగే మాంసపు ఈగకు మూడు చారలుంటాయి గానీ, అది అటూ ఇటూ ఎగురుతున్నప్పుడు వాటిని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. రాయలసీమ పట్టు రైతులు సీసాల్లో పట్టి తెచ్చిన ఈగలను భూతద్దం కింద చూడడం చాలాకాలం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. ఊజి అని తెచ్చినవాటిలో తరచుగా మాంసపు ఈగలే కనిపించేవి.

చూడవలసిన మొదటి చోటు వీపు చివర. రెక్కల మధ్య, వీపు ముగిసేచోట స్కుటెల్లం అనే త్రికోణపు పలక ఉంటుంది. ఈగను పక్కకు తిప్పి, ఆ పలక కిందికి చూడండి. అక్కడ చిన్న దిండు పెట్టినట్లు ఉబ్బిన మరో భాగం స్పష్టంగా కనిపిస్తే, ఆ ఈగ, ఊజి ఈగ కూడా ఉన్న టాకినిడే కుటుంబానికి చెందినదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. దీన్ని సబ్‌స్కుటెల్లం అంటారు. ఇంటి ఈగలోనూ, మాంసపు ఈగలోనూ, నీలిరంగులో మెరిసే ఈగలోనూ ఈ భాగం ఇలా ఉబ్బి ఉండదు. పది రెట్లు పెద్దదిగా చూపే మామూలు భూతద్దంతో, మంచి వెలుతురులో, కాస్త ఓపికతో దీన్ని చూడవచ్చు. ఈ ఒక్క లక్షణమూ చూడడం అలవాటైతే సగం పని పూర్తయినట్లే.

దానికి తోడుగా వెనక కాలి మొదలుకు పైన, వక్షం పక్కభాగంలో నిలువుగా వరుసకట్టిన బిరుసు రోమాలను వెతకండి. ఇవి టాకినిడే ఈగల్లోనూ, మాంసపు ఈగల్లోనూ, మెరిసే ఈగల్లోనూ ఉంటాయి గానీ ఇంటి ఈగకు ఉండవు. రెక్కలోని మధ్యనాళిక కొసకు రాకముందే ముందువైపుకు వంగడాన్ని చాలామంది గుర్తుగా చెబుతారు. కానీ ఇంటి ఈగ రెక్కలో కూడా ఆ వంపు ఉంటుంది కనుక, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే ఎటూ తేలదు. అంతకంటే తల ముందుండే స్పర్శశృంగం (మీసం) మీది అరిస్టా అనే సన్నని వెంట్రుక ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇంటి ఈగకు అది ఈకలా రెండు వైపులా కేశాలతో ఉంటుంది, మాంసపు ఈగల్లో సాధారణంగా మొదటి సగం మాత్రమే అలా ఉంటుంది, ఊజి ఈగకు మాత్రం నున్నగా కనిపిస్తుంది. ఊజి ఈగ ఉదరం శంకువు ఆకారంలో వెనక్కి సన్నబడుతూ, గట్టి బిరుసు రోమాలతో నిండి ఉంటుంది. మగ ఈగ సుమారు 12 మిల్లీమీటర్లు, ఆడ ఈగ సుమారు 10 మిల్లీమీటర్ల పొడవుంటాయి. ఆడ ఈగ తల మీద, కంటి లోపలి అంచు వెంబడి ముందుకు వంగిన రెండేసి రోమాలుంటాయి, మగదానికి అవి ఉండవు.

టాకినిడేలో వేల జాతులున్నాయి కాబట్టి, కుటుంబం తెలిసినంత మాత్రాన ప్రజాతి తెలిసినట్లు కాదు. ఎక్సోరిస్టా ప్రజాతిని కీటక శాస్త్రజ్ఞుడు మైగెన్ 1803లో ఏర్పరిచాడు. దాని ఆధారజాతి, అంటే ప్రజాతికి ప్రమాణంగా తీసుకునే జాతి, అంతకు ముందే, 1758లో, లిన్నేయస్ పేరు పెట్టిన లార్వారమ్. ఈ ప్రజాతి ఉన్న తెగలో (దగ్గరి ప్రజాతుల సమూహంలో) ముందుకాళ్ల మొదళ్ల మధ్య గల రొమ్ముపలక మీద రోమాలుంటాయి. దాన్ని చూడాలంటే ఈగ ఆరిపోకముందే దాని తలను కొంచెం పైకెత్తి, ముందుకాళ్లను విడదీసి పెట్టాలి. ఎండిన తరువాత ఆ పని చేయబోతే తలే ఊడి చేతికొస్తుంది.

నా అనుభవంలో ఈగ శరీరానికి దీటుగా సాక్ష్యం చెప్పేది గుడ్డు. ఎక్సోరిస్టా ఆడ ఈగ అడుగున చదునుగా, పైన ఉబ్బెత్తుగా ఉండే తెల్లటి గుడ్లను నేరుగా పట్టుపురుగు చర్మానికే అతికిస్తుంది. గుడ్డు సుమారు అర మిల్లీమీటరు పొడవుంటుంది కనుక, పురుగును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే మామూలు కంటికే కనిపిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన ఈగ పిల్లపురుగు పట్టుపురుగు చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోయినచోట నల్లటి మచ్చ ఏర్పడుతుంది. గుడ్డు పొదగక ముందే పట్టుపురుగు జ్వరానికి కూర్చొని (మేత మాని కదలకుండా ఉండి) కుబుసం విడిస్తే, ఆ గుడ్డు కుబుసంతోపాటే ఊడిపోతుంది. జపానులో పట్టుపురుగును పీడించిన ఊజి దీనికి భిన్నమైనది. బ్లెఫారిపా ప్రజాతికి చెందిన ఆ ఈగ అతి చిన్న గుడ్లను మల్బరీ ఆకుల మీద పెడుతుంది, ఆకుతోపాటు పురుగు వాటిని మింగుతుంది. కాబట్టి గుడ్డు ఎక్కడ, ఎలా ఉందో రాసిపెట్టుకోవడం వర్గీకరణకు నేరుగా పనికొస్తుంది.

అందుకే ఎగిరే ఈగను వలలో పట్టడం కంటే, నల్లమచ్చ ఉన్న పురుగులను గానీ చంద్రికల (పురుగులు గూళ్లు కట్టే తట్టల) కింద రాలిన ఈగ పిల్లపురుగులను గానీ ఇసుక పోసిన సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి పెంచడం మేలని నా అభిప్రాయం. ఏ పురుగు నుంచి ఏ ఈగ వచ్చిందో అప్పుడు సందేహం ఉండదు. ఈగ పిల్లపురుగులు కొన్ని గంటల్లోనే ఇసుకలో దూరి ముదురు ఎరుపు గోధుమరంగు ప్యూపాలుగా మారుతాయి, పది పన్నెండు రోజులకు ఈగలు బయటపడతాయి. వచ్చిన వెంటనే చంపవద్దు. ఒక రోజు ఆగితే రంగు తేలి, ఒళ్లు గట్టిపడుతుంది. తరువాత సూదిని వీపు నడిమధ్య కాకుండా కొంచెం కుడివైపు గుచ్చితే, ఎడమవైపు రోమాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. రోమం రాలిపోయినా దాని మొదలున్న గుండ్రటి గుంట మిగులుతుంది కాబట్టి, రోమాలను లెక్కపెట్టేటప్పుడు ఆ గుంటను కూడా కలుపుకోవాలి. స్పిరిట్‌లో వేస్తే చారలను చూపే బూడిదరంగు పూత సరిగా కనిపించదు. ప్యూపా పెంకును కూడా అదే సూదికి అతికించండి. ఈగ బయటికొస్తే పెంకు ముందుభాగం మూతలా విచ్చుకుంటుంది. సన్నని రంధ్రం మాత్రమే ఉంటే, ఆ ప్యూపాను నెసోలింక్స్ థైమస్ వంటి చిన్న కందిరీగ తినేసి బయటికొచ్చిందని అర్థం చేసుకోవచ్చు.

ఇక జాతి పేరు విషయం. పాత పుస్తకాల్లో ఇదే ఈగ ట్రైకోలైగా బాంబిసిస్ అనీ, ఎక్సోరిస్టా సార్బిల్లన్స్ అనీ కనిపిస్తుంది. ఇప్పుడు మన పట్టు పరిశోధన పత్రాల్లో ఎక్సోరిస్టా బాంబిసిస్ అని రాస్తున్నారు. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి కర్ణాటకకు చేరి, అక్కడి నుంచి మన వైపుకు వ్యాపించినది ఇదే. దగ్గరి జాతులను విడదీయాలంటే మగ ఈగ జననాంగాలను విప్పి, సూక్ష్మదర్శిని కింద చూడక తప్పదు. మీరు పంపిన ఫోటో పైనుంచి తీసినది కావడంతో అందులో చారలు తప్ప మరేమీ తెలియడం లేదు. స్కుటెల్లం కింది భాగం కనిపించేలా పక్కనుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి, పురుగు మీద గుడ్డు గానీ నల్లమచ్చ గానీ ఉంటే దానిది ఒకటి తీసి పెడితే కుటుంబం వరకు ఖాయంగా, ప్రజాతి వరకు చాలామటుకు చెప్పగలను.